గుండె పేపరు

"ఏదో జరగబోతోందండీ. ఊరికే ఇంత మంచి ఎవరికీ జరగదు," అన్నాను మా ఆయనతో.

అప్పటికి ఏమీ జరగలేదు. పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో మా అమ్మాయి పేజీ తెరిచాను, అంతే. నిన్నటి మీద ఆ అంకె మళ్ళీ ఎగిరింది.

మా ఆయన వంటింటి కుళాయికి వాషరు మారుస్తున్నారు. నీటి సరఫరా ఆఫీసులో పంపులు నడిపి రిటైరైన మనిషి. కారని కుళాయిని కూడా విప్పి బిగిస్తే గానీ ఆయనకు పొద్దు గడవదు. తల ఎత్తకుండానే, "చెడు జరిగితే సరే, మంచి జరిగినా నీకు జ్వరమేనా? ఇక ఆ థర్మామీటరు నోట్లోంచి తియ్యకు," అన్నారు.

"మీకు నవ్వులాటగానే ఉంటుంది. పాలు పొంగుతున్నాయంటే కింద మంట ఎక్కువైందనే కదా."

"లేదా గిన్నె చిన్నదని. ఆ పానా ఇలా అందుకో."

మా అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది. నలభై దగ్గర పడుతున్నా, సొంతంగా ఒక ల్యాబు నడుపుతున్నా, నలుగురు విద్యార్థులు "మేడం, మేడం" అంటూ వెంట తిరుగుతున్నా మాకు పిచ్చుకే. చేపల గుడ్ల మీద పరిశోధన చేస్తుంది. తినే చేపలు కావు, వేలెడంత కూడా ఉండవు, ఒంటి నిండా నీలం చారలు. గుడ్డులో ఒక్క కణంగా ఉన్నది రెండై, నాలుగై, అందులో తల ఎటు, తోక ఎటు, గుండె ఏ పక్కన అన్నది ఎలా తేలుతుందో చూడడం వాళ్ళ పని. ఏడో తరగతి దాకా చదివిన నాకు అర్థమైంది ఇంతే.

ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు నా ఫోనులో తన పేజీ పెట్టి ఇచ్చింది. తను రాసిన పరిశోధన పేపర్లన్నీ వరసగా ఉంటాయి, ఒక్కోదాని పక్కన ఒక్కో అంకె. "ఇదేమిటే?" అని అడిగితే, "వేరే పరిశోధకులు వాళ్ళ పేపరు రాసుకునేటప్పుడు నాది ఎంతమంది ఎత్తి చెప్పారో ఆ లెక్కమ్మా," అంది. ఆ రోజు నుంచి నాకు పొద్దున్నే అది చూడనిదే టీ గొంతు దిగదు. ఎక్కడెక్కడి వాళ్ళో, మొహం కూడా తెలియని వాళ్ళు నా బిడ్డ పేరు తలుచుకుంటున్నారంటే ఎవరికి గొప్పగా ఉండదు?

అన్నిటికీ పైన ఉండేది గుండె పేపరు. సారు దగ్గర చదువుకునే రోజుల్లో రాసింది. సారంటే దానికి పరిశోధన నేర్పిన ఆయన. ఆ పేపరు పేరు నాకు నోరు తిరగదు, అందుకే గుండె పేపరు అంటాను. మా పిచ్చుకకి ఉద్యోగం వచ్చినా, ల్యాబు వచ్చినా దాని చలవే. అన్నిటికీ కింద ఒక పేపరు ఉంది, తెగిన తోక మళ్ళీ ఎలా మొలుస్తుందో అన్నదాని మీద. దాని పక్కన సున్నా. ఎప్పుడు చూసినా సున్నాయే. బక్కపిల్లాడి మీద తల్లికి ఉండే పక్షపాతం నాకు దాని మీద ఉంది. "దీన్నెందుకే ఎవరూ పలకరించరు?" అని అడిగితే మా పిచ్చుక నవ్వింది. "పలకరించకపోతే పోనీలే అమ్మా. మళ్ళీ మళ్ళీ చేసి చూసి, ఇక నిద్రలో అడిగినా ఇదే జవాబు అనుకున్నాక రాసింది అదొక్కటే," అంది. మిగతావన్నీ మరెలా రాసిందో అడగాలని నాకు తోచలేదు.

కొన్నాళ్ళుగా గుండె పేపరు అంకె పరుగులు పెడుతోంది. మునుపు నెలకి నాలుగైదు పెరిగేది, ఇప్పుడు వారం తిరిగేసరికి పాతిక. మా ఆయన వీధి చివర మెకానిక్కు దగ్గర నుంచి మందుల షాపు దాకా చెప్పుకొచ్చారు. మా తోడికోడలు ఫోను చేసి, "చేప గుండెకి ఇంత గిరాకీ ఉందని తెలిస్తే మావాడిని ఇంజనీరింగులో పడేసేవాళ్ళమా అక్కా?" అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

అంకె పెరిగే కొద్దీ అమ్మాయి ఫోన్లు తగ్గాయి. ఆదివారం ఆదివారం మాట్లాడేది, మానేసింది. నేను చేస్తే, "పనిలో ఉన్నానమ్మా," అనేది. తర్వాత అదీ లేదు. ఫోను మోగి మోగి ఆగిపోయేది. నా బుర్రలో సినిమాలు మొదలయ్యాయి. స్నానాల గదిలో కాలు జారి పడిందేమో. గ్యాసు కట్టడం మరిచిందేమో. ల్యాబులో ఏ సీసానో పగిలి మొహం మీద పడితే మనకి చెప్పేదెవరు?

"పని చేసుకోనివ్వవే దాన్ని," అన్నారు మా ఆయన.

"పని చేసుకునేవాళ్ళు తిండి తింటారు కదా? తిన్నానని చెప్పడానికైనా ఫోను ఎత్తుతారు కదా?"

"నీ ప్రశ్నలకి భయపడే ఎత్తడం లేదు. వెళ్తావా? వెళ్ళు. వెళ్ళి కళ్ళారా చూసుకో, నాకూ కాస్త ప్రశాంతంగా ఉంటుంది." మళ్ళీ తనే, "అక్కడైనా ఆ కన్ను చూపించుకో," అన్నారు.

నా ఎడమ కంటికి కొంతకాలంగా పొగ కమ్మినట్టు ఉంటోంది. ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి పద పద అంటూనే ఉన్నారు. వెళ్తే ఏదో ఒకటి చెబుతాడు. చెప్పేదాకా ఏమీ లేనట్టే కదా అని నేను వాయిదా వేస్తూ వస్తున్నాను. బస్టాండులో బోర్డులన్నీ కుడికన్నుతోనే చదువుకుని బస్సెక్కాను.

మూడో అంతస్తులో దాని ఇల్లు. తలుపు తీసిన మనిషి నా పిచ్చుకేనా అనిపించింది. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు ముడి వేసుకుని ఎన్నాళ్ళైందో. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. "నాన్న రాలేదా?" అంది, అంతే. సింకు నిండా కాఫీ కప్పులు. ఒక్క కంచం లేదు. కప్పులే ఉన్నాయంటే ఆ ఇంట్లో అన్నం వండి ఎన్నాళ్ళైందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బల్ల మీద దాని ఫోను బోర్లా పడుకోబెట్టి ఉంది. అది వణికినప్పుడల్లా పిచ్చుక భుజాలు దగ్గరికి ముడుచుకున్నాయి.

వండి, కంచం ముందు కూర్చోబెట్టాను. ఏదైనా సంతోషంగా ఉండే మాట మాట్లాడదామని, "అన్నట్టు, మన గుండె పేపరు ఇవాళ ఇంకో ఏడు పెరిగిందే," అన్నాను.

అది ముద్ద కంచంలో పెట్టేసింది.

"అమ్మా, ఆ లెక్క ఇక చూడకు."

"ఎందుకు చూడకూడదు? రోజూ పొద్దున్నే..."

"వాళ్ళందరూ అది తప్పని చెప్పడానికే దాని పేరు ఎత్తుతున్నారమ్మా."

నాకు అర్థం కాలేదు. తప్పైతే అంకె తగ్గాలి కదా. చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపికగా చెప్పింది. గుడ్డు ఒక్క కణంగా ఉన్నప్పుడే వెంట్రుక కంటే సన్నటి గాజు సూదితో దానిలోకి ఒక మందు ఎక్కిస్తారట, అప్పట్లో అందరూ చేసింది అలాగేనట. ఆ మందు ఒక జన్యువు నోరు నొక్కేస్తుంది. చేపపిల్ల గుండె మొదట నిలువు గొట్టంలా ఉండి తర్వాత ఒక పక్కకి వంపు తిరగాలి. మందు పడ్డ పిల్లల్లో వంపు తిరగలేదు. గుండెని తిప్పేది ఆ జన్యువే అని మా పిచ్చుక రాసింది. లోకమంతా సరేనంది.

"ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. నోరు నొక్కడం కాదు, ఆ జన్యువుని మొత్తం కత్తిరించి తీసేస్తారు. ఒక ల్యాబు వాళ్ళు అలా తీసేసి చూశారు. గుండె చక్కగా వంపు తిరిగింది."

"అంటే?"

"అంటే ఆ జన్యువుకీ గుండెకీ సంబంధమే లేదు. మందు ఒంటికి సరిపడక పిల్లలకి జబ్బు చేసింది. ఆ జబ్బుకి నేను పెద్ద పేరు పెట్టాను."

"మరి అంకె..."

"తప్పని చెప్పాలన్నా పేరు రాయాలి కదమ్మా. మెచ్చుకుని రాసినా ఒకటే, తిట్టి రాసినా ఒకటే. లెక్కకి మొహం చూడడం రాదు. ఇప్పుడు పాఠాలు చెప్పేటప్పుడు కూడా, 'ఇదిగో, ఇలా మోసపోవద్దు' అని నాదే చూపిస్తున్నారట."

ఊళ్ళో దొంగ పేరు కూడా అందరూ తలుస్తారు. ఇన్నాళ్ళూ పొద్దున్నే టీ తాగుతూ నేను మురిసిపోతూ చదువుకున్నది, పదిమందీ నా బిడ్డ వైపు వేలు చూపించిన లెక్క. మా ఆయన దాన్నే వీధంతా పంచారు.

ఇంకా ఉంది. దాని ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తున్నది. ఖాయం చెయ్యాలో ఇంటికి పంపాలో తేల్చే కమిటీ ఈసారి కూర్చుంటోంది, వచ్చే వారమే.

"మీ పెద్దాయన ఏమంటున్నారు?" అని అడిగాను. అంటే వాళ్ళ సంస్థ డైరెక్టరు.

"నోరు మూసుకుని కూర్చోమంటున్నారు. కమిటీలో వాళ్ళకి చేపలు తెలియవు, అంకె తెలుసు, అంకె బ్రహ్మాండంగా ఉంది కదా అంటున్నారు."

"నువ్వేమంటున్నావు?"

"తప్పు జరిగింది, పేపరు వెనక్కి తీసుకుంటున్నాం అని దాన్ని అచ్చేసిన పత్రికకి రాయాలి. కమిటీ కంటే ముందే రాయాలి."

"రాస్తే?"

"పేపరు పోతుంది. దాంతో ఉద్యోగం. నా దగ్గరున్న నలుగురూ సగం చదువుతో వేరే గుమ్మం వెతుక్కోవాలి."

"రాయకపోతే?"

వేలితో కంచం అంచున మెతుకులు ఒకచోటికి చేరుస్తూ కూర్చుంది.

నేను తల్లిని. నాకు న్యాయం కంటే ముందు దాని బుగ్గల గుంటలు కనిపించాయి. "తప్పెవరు చెయ్యరే? ఆ రోజుల్లో అందరూ ఆ మందే వాడారంటున్నావు. నీ ఒక్కదానికేం తొందరొచ్చింది? ఊరుకో. అడిగితే అప్పుడు చూద్దాం. అయినా ఆ సారేడీ? ఆయన పేరు కూడా ఉంది కదా దాని మీద? అప్పుడు ఊరేగింపులో ముందు నడిచాడు, ఇప్పుడు ఏ సందులో దాక్కున్నాడు? చిన్నపిల్లవి, నీకేం తెలుసు? ఆయనే నిన్ను నిలువునా ముంచాడు."

"ఆయన్ని ఏమీ అనకమ్మా." అంత గట్టిగా అది ఆ ఇంట్లో మాట్లాడిన మాట అదొక్కటే. లేచి చెయ్యి కడుక్కుంది. కంచంలో అన్నం అలాగే ఉంది.

పడుకునే ముందు బాల్కనీ తలుపు గడియ వేశానో లేదో చూసుకుని, మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను. ఏం భయపడ్డానో ఇక్కడ రాయను. నోటితో అంటేనే జరుగుతుందేమో అనిపించే భయాలు కొన్ని ఉంటాయి.

తెల్లారి దాని వెంట ల్యాబుకి బయల్దేరాను. దాన్ని ఒక్కదాన్నే వదలబుద్ధి కాలేదు. అదీ వద్దనలేదు. ఫోను ఇంట్లోనే వదిలేసింది, మోగుతూనే ఉంటుందని.

చేపల గది వెచ్చగా, చెమ్మగా ఉంది. గోడ పొడుగునా అరలు, అరల నిండా చిన్న చిన్న గాజు తొట్లు, సన్నగా నీళ్ళు పడుతున్న చప్పుడు. మా ఆయన ఉంటే ఇక్కడే మకాం పెట్టేవారు. పొద్దున్నే లైట్లు వెలిగితే తెల్లారిందనుకుని అవి గుడ్లు పెడతాయట. మేత వేసే ఆయన నన్ను చూసి, "మేడం వాళ్ళ అమ్మగారా? మంచి పని చేశారు వచ్చి. ఇక్కడ చేపలన్నీ టైముకి తింటాయమ్మా, మేడం ఒక్కరే మొండికేస్తారు. వెళ్ళేలోపు ఆవిడకీ చిటికెడు మేత వేసి వెళ్ళండి," అన్నాడు. పిచ్చుక నవ్వబోయింది గానీ ఆ నవ్వు పెదవుల దాకా రాలేదు.

పక్క గదిలో నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఒక చిన్న పళ్ళెంలో నీళ్ళు, ఆ నీళ్ళలో కంటికి ఆనీ ఆనని చుక్కలు. "మొన్నటి గుడ్లమ్మా. లోపల గుండె కొట్టుకుంటూ ఉంటుంది. చూస్తావా? ఒక గొట్టంలో చూస్తే చాలు," అని ఏదో సరిచేసి జరిగింది. దాని గొంతులో వచ్చిన దగ్గర నుంచి మొదటిసారి కాస్త ప్రాణం వినిపించింది.

వంగి చూశాను. హడావుడిలో ఎడమకన్ను పెట్టాను. చీకటి. అంతా చీకటే. పొగ కూడా లేదు. అయిపోయింది, ఈ కన్ను పూర్తిగా పోయింది అనుకున్నాను. అది పక్కనే నిలబడి నా మొహం వైపు ఆశగా చూస్తోంది. ఇప్పుడు కనిపించలేదంటే కన్ను సంగతి బయటపడుతుంది. డాక్టరు అంటుంది. అసలే కొండంత బరువుతో ఉన్న పిల్ల.

"కనిపించిందే! బాగా కనిపించింది. టకటకా కొట్టుకుంటోంది, ఎంత ముద్దుగా ఉందో," అన్నాను.

అది నా వైపే చూసి, మెల్లిగా చెయ్యి చాపి కింద ఉన్న మీట నొక్కింది. పళ్ళెం కింద దీపం వెలిగింది.

"లైటు ఇంకా వెయ్యలేదమ్మా," అంది.

నాకు భూమిలోకి పోవాలనిపించింది. "అదే... వేశావేమో అనుకుని..." అంటూ ఏదో గొణిగాను. కసురుకుంటుందనుకున్నాను. "కన్ను ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" అని నిలదీస్తుందనుకున్నాను. అదేమీ చెయ్యలేదు. పక్కనున్న స్టూలు మీద కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుంది. ఆ చిన్న విషయానికి అంత కుంగిపోవడం ఏమిటో నాకు తెలియలేదు. ఈసారి కుడికన్ను పెట్టి చూశాను. పల్చటి గాజులాంటి ఒంట్లో ఎర్రగా ఏదో కదులుతోంది, ఆగకుండా. ఇప్పుడు చెప్పినా నమ్మేదెవరు?

మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాం. తలనొప్పిగా ఉందని అది గదిలోకి వెళ్ళి పడుకుంది. నేను సింకు ముందు నిలబడి, మిగిలిన కప్పులకి పట్టిన కాఫీ మరకలు తోముతున్నాను. బల్ల మీద ఫోను మోగింది. తిప్పి చూస్తే 'సారు' అని ఉంది.

కొంగుకి చేతులు తుడుచుకున్నాను. కడిగి పారేద్దామనే ఎత్తాను.

"హలో" అని నేను అనేలోపే అవతల దగ్గు. పెద్దవయసు గొంతు. "పిచ్చుకేనా?" అంది ఆ గొంతు. మేం ఇంట్లో పిలుచుకునే పేరు ఆయనకీ తెలుసన్నమాట.

"దాని అమ్మని," అన్నాను గట్టిగా.

"నమస్కారం అమ్మా. మీరు అక్కడున్నారా? హమ్మయ్య, ఇప్పుడు నాకు నిద్ర పడుతుంది. ఆ పిల్ల నా ఫోను ఎత్తడం లేదు. భయపడుతోంది కదూ? భయపడొద్దని చెప్పండి." మళ్ళీ దగ్గారు. "నా దగ్గర చాలామంది పిల్లలు చదువుకున్నారమ్మా. చేతి పనిలో అంత నిజాయితీ ఉన్న పిల్లని నేను చూడలేదు. ఈ మాటే అందరికీ రాస్తున్నాను. నా పేరు పెట్టి రాస్తున్నాను."

నేను తిడదామని దాచుకున్న మాటలన్నీ దేనికీ పనికిరాకుండా పోయాయి. "మరి అందరూ తప్పంటున్నారట కదండీ?" అన్నాను.

"మందు వల్ల జబ్బు చేసిందంటున్నారు. ఆ అనుమానం నాకు అప్పుడే వచ్చిందమ్మా. మా పనిలో దానికొక పద్ధతి ఉంది. అదే జన్యువుని వేరే మందుతో నొక్కి మళ్ళీ చూడాలి. రెండిటికీ ఒకటే జబ్బు చెయ్యదు కదా? చేసి చూడమన్నాను. చేసింది. మళ్ళీ అదే కనిపించిందని చెప్పింది. పేపర్లో ఆ ముక్క కూడా ఉంది, 'వేరే మందుతోనూ చేశాం, ఫలితం ఇక్కడ చూపడం లేదు' అని. చోటు చాలక అందరం అలా రాస్తాం. ఇప్పుడు ఆ ఫొటోలు కావాలి. అవి పంపమనండి, చాలు. మిగతా జవాబు నేను చెబుతాను. ఈ వయసులో నాకింకేం పనుంది?"

"పంపిస్తుందండీ. ఇవాళే పంపిస్తుంది," అన్నాను. ఆయనకి కనిపించకపోయినా దణ్ణం పెట్టాను.

ఫోను పెట్టేశాక నాకు ఆకలి వేసింది. ఎన్ని రోజులకో తెలియదు. చేసిన పాపం పోవాలని సారుని అన్న మాటలన్నిటికీ లెంపలు వేసుకున్నాను. మా ఆయనకి ఫోను చేసి, "ఏం భయం లేదండీ, ఫొటోలున్నాయి," అని చెప్పేశాను. "ఏ ఫొటోలే?" అంటున్నా వినకుండా పెట్టేశాను. వేడివేడిగా టీ కలిపి గదిలోకి పట్టుకెళ్ళాను.

అది నిద్రపోలేదు. గోడ వైపు తిరిగి కళ్ళు తెరుచుకుని ఉంది.

"లేవవే తల్లీ, లే. మీ సారు ఫోను చేశారు. బంగారం లాంటి మనిషి, నేనే నోరు పారేసుకున్నాను. ఇంత మాట నాకు చెప్పావు కావేమే? నువ్వు వేరే మందుతో కూడా చేసి చూశావట కదా? మళ్ళీ అదే కనిపించిందట కదా? ఆ ఫొటోలు పంపమన్నారు. అవి చూపించి అందరి నోళ్ళూ మూయిస్తారట. ఎక్కడున్నాయే అవి?"

లేచి కూర్చుంది. టీ అందుకోలేదు.

"ఎక్కడున్నాయి?" అన్నాను మళ్ళీ. "ఆ పాత కంప్యూటరులోనా? మన అటక మీద పెట్టావు చూడు, అదా? మీ నాన్నకి చెబితే ఇప్పుడే దింపుతారు."

కింద ఎవరో మోటారు వేశారు. దాని మూలుగు మెట్ల మీదుగా పైకి వచ్చింది.

"పోయాయా? పోతే పోయాయని చెబుదాం. ఇన్నేళ్ళ నాటివి ఎవరి దగ్గర మాత్రం ఉంటాయి? ఆయన అర్థం చేసుకుంటారు."

దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"సరిగ్గా రాలేదా ఫొటోలు? మసకగా ఉన్నాయా? మసకగా ఉన్నా పరవాలేదే, ఆయన చూసుకుంటారు. నువ్వు చూశావు కదా, అది చాలు కదా?"

పైన ట్యాంకు నిండింది. గోడ వెంట నీళ్ళు పొర్లి కారుతున్న చప్పుడు. "మోటారు కట్టండయ్యా!" అని ఎవరో కేకేశారు. ఎవరూ కట్టలేదు. కిటికీలో వెలుతురు పలచబడింది. టీ మీద మీగడ కట్టింది. నాకు చెప్పడానికి ఇంకేమీ దొరకలేదు. ఎన్ని రకాల కీడు ఊహించే బుర్ర నాది! గ్యాసు, మెట్లు, సీసాలు, బాల్కనీ తలుపు, అన్నీ ఊహించాను. ఈ గదిలో ఇప్పుడు దేనికి భయపడాలో మాత్రం తెలియక దాని పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాను.

మోటారు ఆగింది. నీళ్ళ చప్పుడు కాసేపు సాగి, చుక్కలుగా మారి, అదీ నిలిచిపోయింది.

"ఫొటోలు లేవమ్మా," అంది అప్పుడు. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "ఆ రెండో మందు సీసా మూత కూడా నేను తియ్యలేదు. చేస్తే వేరేలా వస్తుందేమోనని భయమేసింది. సారు వచ్చి అడిగారు." ఆగి, నా ఎడమకన్ను వైపు చూసింది. "బాగా కనిపించిందని చెప్పాను."